బీటు కొనుక్కోవాలా, పాట చేయించుకోవాలా?

పోయిన ఆడి మాసంలో ఒక ఆదివారం షోళింగనల్లూరు నుంచి ఒక కుర్రాడు, తన చెల్లెల్ని వెంటబెట్టుకుని సాలిగ్రామంలోని మా రికార్డింగు గదికి వచ్చాడు. ఆడి అంటే చెన్నైలో ప్రతి వీధి చివరా అమ్మవారి గుడి, ప్రతి గుడికీ రెండు లౌడ్‌స్పీకర్లు. కాబట్టి ఆ రోజు నేను రికార్డింగులేవీ పెట్టుకోలేదు, తీరికగానే ఉన్నాను. కుర్రాడు పెన్‌డ్రైవు బల్ల మీద పెట్టి, "బీటు సిద్ధంగా ఉంది సార్, చెల్లి గొంతు ఒక్కటే పెట్టాలి. గంటలో అయిపోతుంది కదా?" అన్నాడు. బీటు అంటే గొంతు తప్ప మిగిలినదంతా ముందే చేసి పెట్టిన సంగీతం.

పాట వాళ్ల తాతగారిది. నెల్లూరులో ఉండగా ఎప్పుడో రాసి, తానే బాణీ కట్టి, మనవరాలికి నేర్పారట. ఆ అమ్మాయిని ముందు మామూలుగా పాడమన్నాను. హాయిగా పాడింది. తాళం మిశ్రచాపు, తకిట తకధిమి, ఏడు అక్షరాలు. ఆమె శ్రుతి, అంటే గొంతుకు హాయిగా నిలిచే ఆధార స్వరం, ఐదున్నర. తరవాత పెన్‌డ్రైవులో బీటు విన్నాను. తకధిమి తకధిమి అని నాలుగేసి దెబ్బలతో నడుస్తోంది. శ్రుతి ఆమెకు అందనంత కింద ఉంది. పైగా అది ఒకే ఒక్క ఎంపీత్రీ ఫైలు. అందులోని డ్రమ్స్‌ను, బేస్‌ను, తీగల శబ్దాన్ని దేనికది విడదీసి సర్దే వీలు లేదు. డబ్బు అప్పటికే కట్టేశాడు.

ఆ బీటు బాగాలేదని ఎవరూ అనలేరు. చాలా బాగుంది, కాకపోతే అది వేరే పాటకు సరిపోయేది. ముహూర్తం, మండపం, వంటవాళ్లు అన్నీ కుదిరాక పెళ్లికూతురి ఊసెత్తినట్టయింది మా పని.

ఇలాంటివారు నెలకు ఇద్దరు ముగ్గురైనా వస్తుంటారు. ఐటీ ఉద్యోగులు, శివారు ఇంజనీరింగ్ కళాశాలల్లో చదివే మన తెలుగు పిల్లలు, సొంతంగా భక్తిగీతాల ఆల్బమ్ చేయాలనుకునే పెద్దలు. అందరి ప్రశ్నా ఒకటే: బీటు కొంటే చాలా, ప్రొడ్యూసర్ కావాలా? నేను తిరిగి ఒకటే అడుగుతాను: ముందు పుట్టింది మీ పాటా, బీటా? సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

మాటల దగ్గరే మొదలైన చిక్కు

మన దగ్గర ప్రొడ్యూసర్ అనగానే నిర్మాత గుర్తొస్తాడు, అంటే డబ్బు పెట్టేవాడు. బాణీ కట్టేవారు సంగీత దర్శకులు. ఏ వాద్యం ఎక్కడ ఏం వాయించాలో రాసిచ్చేవారు అరేంజర్. కీబోర్డు మీద, కంప్యూటర్‌లో లయలు, శబ్దాలు అమర్చేవారు ప్రోగ్రామర్. రికార్డు చేసేవారు రికార్డిస్టు, ఇప్పటి మాటలో సౌండ్ ఇంజనీర్. మన సినిమాల పేట కోడంబాక్కంలో పని ఇలా ముక్కలుగా పంచుకుని ఉండేది కాబట్టి ఎవరి పని ఏమిటో ఎవరికీ అనుమానం ఉండేది కాదు.

అమెరికాలో రికార్డు ప్రొడ్యూసర్ అంటే సినిమాకు దర్శకుడి లాంటివాడు. 1982లో మైకేల్ జాక్సన్ ఆల్బమ్‌కు క్విన్సీ జోన్స్ ప్రొడ్యూసర్. అందులో కొన్ని పాటలు రాసింది రాడ్ టెంపర్టన్, ధ్వని పట్టింది బ్రూస్ స్వీడియన్ అనే ఇంజనీర్. ఎవరిని పిలవాలి, ఏ పాట ఉంచాలి, ఏది తీసేయాలి, గాయకుడి చేత ఇంకొక్కసారి పాడించాలా, ఇక చాలా అని తేల్చడం జోన్స్ పని. ఆయన ప్రతి వాద్యమూ వాయించనక్కరలేదు, ప్రతి మీటా తిప్పనక్కరలేదు.

మరి బీటు చేసేవారికి ఈ పేరు ఎలా వచ్చింది? అది హిప్‌హాప్ వల్ల. 1973లో న్యూయార్క్ బ్రాంక్స్‌లో డీజే కూల్ హర్క్ రెండు రికార్డు ప్లేయర్లు పెట్టి, పాటలో డ్రమ్స్ మాత్రమే మోగే చిన్న ముక్కను మళ్లీ మళ్లీ తిప్పి జనాన్ని ఆడించాడు. తరవాత యంత్రాలు వచ్చాయి. 1980లో రోలాండ్ టీఆర్-808 డ్రమ్ మెషీన్, 1988లో రోజర్ లిన్ రూపకల్పనలో, శబ్దాల ముక్కలను దాచుకుని వేళ్లతో వాయించే అకాయ్ ఎంపీసీ-60. అప్పటి నుంచి గొంతు తప్ప మిగిలిన సంగీతమంతా ఒక్క మనిషి ఒక్క బల్ల మీద చేయగలిగాడు. ర్యాపర్ మాటలు తెచ్చుకుంటాడు, మిగిలినదంతా ఇతనిదే. కాబట్టి అతన్నే ప్రొడ్యూసర్ అన్నారు, ఆ సంగీతంలో అది న్యాయమే. అదే మాట తాతగారి మిశ్రచాపు పాట దగ్గరికి వచ్చేసరికి పని చేయదు.

మన ఊళ్లో బీట్‌మేకర్‌కు దగ్గరి చుట్టం ప్రోగ్రామరే. తక్కువ పనేమీ కాదు. ఎ.ఆర్.రహ్మాన్ 1992లో సినిమా సంగీత దర్శకుడు కాకముందు రాజ్-కోటి వంటి మన సంగీత దర్శకుల దగ్గర కీబోర్డు వాయించిన మనిషే. కానీ వాళ్ల పాటలకు వాయించిన నాడు ఆ పాట ఎలా ఉండాలనే నిర్ణయం ఆయనది కాదు. తరవాత తన సొంత పాటలకు అది ఆయనది అయింది. అప్పుడూ ఇప్పుడూ కీబోర్డు అదే కావచ్చు, బాధ్యత మారింది.

బీటు ఎవరికి చాలు

మీరు ర్యాప్ రాస్తారనుకోండి. లయ వింటే తప్ప మాటలు రావు. అలాంటప్పుడు బీటు కొనుక్కోండి, సందేహం వద్దు. ప్రొడ్యూసర్‌ను పెట్టుకుని, ఏమీ రాయకుండా అతని ముందు కూర్చుంటే గంటలు గడుస్తాయి, బిల్లు పెరుగుతుంది. బీటును ఇంట్లో నూరుసార్లు తిప్పుకోవచ్చు. నచ్చకపోతే ఇంకొకటి వినవచ్చు.

కొనేముందు చూసుకోవలసినవి ఉన్నాయి. మొదటిది నడక. నిమిషానికి 140 దెబ్బలని రాసి ఉన్న ట్రాప్ (ఒక ర్యాప్ శైలి) బీటు చెవికి 70 లాగే వినిపిస్తుంది. ఆ సంఖ్య చూసి బెదరనక్కరలేదు, దాని మీద మీ వాక్యాలు ఊపిరి తీసుకునే చోటుతో సహా పడుతున్నాయో లేదో గట్టిగా చదివి చూసుకోండి. తెలుగు మాటలు అచ్చులతో ముగుస్తాయి, సాగుతాయి. ఇంగ్లీషు ర్యాప్ కోసం చేసిన కొన్ని బీట్లలో మన మాటకు కాలు చాపుకునే చోటు ఉండదు. రెండోది కొలత. బయట దొరికే బీట్లలో ఎక్కువగా 16 బార్ల (తాళం చుట్ల) చరణం, 8 బార్ల హుక్, అంటే మళ్లీ మళ్లీ వచ్చే ముక్క, ఉంటాయి. మీది పల్లవి, అనుపల్లవి, మూడు చరణాలు అయితే ముందే కత్తెర వేయించుకోవాలి.

మూడోది అన్నిటికంటే ముఖ్యం. ఏ ఫైలు ఇస్తున్నారు? ఒకే బీటును ఎంపీత్రీకి ఒక ధర, వేవ్ ఫైలుకు ఒక ధర, విడివిడి ట్రాకులకు, అంటే స్టెమ్స్‌కు, ఇంకా ఎక్కువ ధర పెట్టి అమ్ముతారు. చవకైనది కొంటే తరవాత గొంతునూ వాద్యాలనూ కలిపి సర్దే మిక్సింగ్‌లో నా బోటి వాడి చేతులు కట్టేసినట్టే. స్నేర్ డ్రమ్ దెబ్బ మీ గొంతును మింగేస్తోందనుకోండి, ఒకే ఫైలులో దాన్ని మాత్రం తగ్గించడం ఎలా? కొంతమంది అమ్మకం కోసం బీటును చెవులు చిల్లులు పడేంత గట్టిగా మాస్టర్ చేసి, అంటే తుది మెరుగు దిద్ది, పెడతారు. దాని మీద గొంతు పెడితే నిండు బస్సులో పిల్లవాణ్ని ఎక్కించినట్టుంటుంది. స్టెమ్స్ అడగండి, మాస్టర్ చేయనివి అడగండి.

నాలుగోది శ్రుతి. శ్రుతి ఒకటి రెండు మెట్లు జరపడం కంప్యూటర్‌కు పెద్ద పని కాదు. అంతకు మించి జరిపితే కిక్ డ్రమ్ డొల్లగా మోగుతుంది, తీగలు అద్దం పగిలినట్టు వినిపిస్తాయి. ర్యాప్‌కు ఇది అంత పట్టింపు కాదు. పాడేవాళ్లకు మాత్రం మొదటి ప్రశ్న ఇదే కావాలి. చెన్నైలో సంగీతం నేర్చుకున్న ఏ అమ్మాయైనా తన శ్రుతి ఎంతో నిద్రలో లేపినా చెబుతుంది. బీటు వెతికేటప్పుడు మాత్రం ఆ సంగతి మరిచిపోతుంది.

ఇంకొకటి, అందరికీ అమ్మే బీటు అందరిదీ. మా దగ్గర ఒకసారి ఒక కుర్రాడి పాట యూట్యూబ్‌లో పెట్టిన వారానికే హక్కుల అభ్యంతరం వచ్చింది. అదే బీటు కొన్న ఇంకొకతను తన పాటను కంటెంట్ ఐడీలో, అంటే యూట్యూబ్ హక్కులను గుర్తుపట్టే ఏర్పాటులో, నమోదు చేయించాడు. అలా అందరికీ ఇచ్చే లైసెన్సుతో తీసుకున్న సంగీతాన్ని అందులో నమోదు చేయకూడదనే నియమం ఉంది, కానీ దాన్ని చదివేవారు తక్కువ. చివరికి లైసెన్సు కాగితం చూపించి బయటపడ్డాం. ఆ కాగితం దాచుకోనివారి గతి ఏమిటో ఊహించుకోండి.

పాట చేయించుకోవడం అంటే

బాణీ, మాటలు మీ దగ్గర ఉండి, ఒక్క గొంతుతో పాడినా అది పాటలాగే నిలబడుతుంటే మీకు కావలసింది ప్రొడ్యూసర్. అతను మొదట చేసేది కంప్యూటర్ తెరవడం కాదు, మిమ్మల్ని పాడమనడం. శ్రుతి తేలుస్తాడు. నడక తేలుస్తాడు. రెండో చరణం అవసరమా అని అడుగుతాడు. మీకు కోపం వస్తుంది. ఆ ప్రశ్న అడిగే ధైర్యం లేనివాడికి డబ్బు ఇవ్వకండి.

తరవాత క్లిక్ (లయ తప్పకుండా చెవిలో మోగే దెబ్బ) మీద ఒక గైడ్ ట్రాకు, అంటే దారి చూపే చిత్తు పాట, దాని మీద వాద్యాలు. ఇక్కడ చెన్నైకి ఉన్న బలం ఇంకే ఊరికీ అంత తేలికగా దొరకదని నా నమ్మకం. వడపళని చుట్టూ ఒక వీణ విద్వాంసుడు, ఒక నాదస్వరం, తవిల్, వయొలిన్ల జట్టు కావాలంటే నాలుగు ఫోన్లలో కుదురుతాయి. ఒకప్పుడు విజయా వాహిని స్టూడియోలో తెలుగు సినిమా తన జీవితంలో సగం గడిపింది. ఆ ఆవరణలో కొంత భాగంలో ఇప్పుడు ఒక పెద్ద మాల్ ఉంది. గోడలు పోయినా వాయించే చేతులు ఈ వీధుల్లోనే ఉండిపోయాయి. లైబ్రరీలోంచి తీసిన తవిల్ శబ్దాన్ని కంప్యూటర్‌లో అంటించడానికీ, ఎదురుగా కూర్చున్న మనిషి మీ చరణం ముగింపు విని ముక్తాయింపు తానే కట్టడానికీ తేడా పాట తెలియనివాళ్లకు కూడా వినిపిస్తుంది.

అన్నిటికంటే ఎక్కువ సమయం గొంతు దగ్గరే గడపాలి. ఇంటి అల్మారాలో బట్టల మధ్య మైకు పెట్టి పాడేవాళ్లను నేను వెక్కిరించను, చిత్తు ప్రతికి అది చాలు. అసలు టేక్ తీసేటప్పుడు ఫ్యాను ఆపాలి, ఏసీ ఆపాలి. చెన్నై మే నెలలో ఆ రెండూ ఆపి పది నిమిషాలు పాడితే చొక్కా పిండుకోవచ్చు. అందుకే శబ్దం బయటినుంచి రాని గది, చప్పుడు చేయని చల్లదనం, రెండింటికీ స్టూడియో డబ్బు తీసుకుంటుంది.

మన భాషకు ఇక్కడ ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది, చెన్నైలో పాడించుకునే తెలుగువాళ్లు తప్పకుండా గుర్తుంచుకోవాలి. తమిళ లిపిలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకే అక్షరం. మా ఇంజనీరు మిత్రుల్లో చెవి అద్భుతంగా ఉన్నవారు ఉన్నారు. అర స్వరం తేడా వస్తే ఇట్టే పట్టేస్తారు. కానీ 'భయం' కాస్తా 'బయం' అయినా, 'కథ' కాస్తా 'కద' అయినా వారికి తేడా తెలియకపోవచ్చు. తప్పు వాళ్లది కాదు. మీరు కంట్రోల్ రూములో ఒక తెలుగు తెలిసిన మనిషిని కూర్చోబెట్టండి, చేతిలో పాట రాసిన కాగితం ఉండాలి. వినడానికి చిన్న విషయంలా ఉంటుంది. పాట విడుదలయ్యాక మీ మేనత్త ఫోన్ చేసి, "అదేం తెలుగురా?" అన్నప్పుడు దాని పరిమాణం తెలుస్తుంది.

ఆ తరవాత టేకుల ఎంపిక. ఆరేడుసార్లు పాడించి, ఒక్కో వాక్యానికి బాగా వచ్చినదాన్ని ఏరి ఒకటిగా కుట్టాలి. స్వరం దిద్దే సాఫ్ట్‌వేర్ కూడా వాడతాం, దాచడానికేముంది. 1997లో ఆటోట్యూన్ వచ్చినప్పటి నుంచి ఎవరూ అతీతులు కారు. కానీ దాన్ని మన సంగీతం మీద గుడ్డిగా వదిలితే గమకాలను తప్పులనుకుని చదును చేసేస్తుంది. తోడి రాగంలో గాంధారం ఒక చోట నిలిచే స్వరం కాదు, ఊగుతూ ఉండాలి. సాఫ్ట్‌వేర్ దాన్ని మేకు కొట్టి నిలబెడుతుంది. ఇలాంటి పాటకు స్వరం స్వరం చేత్తో దిద్దాలి, లేదా పాడినవాళ్ల చేత మళ్లీ పాడించాలి. నేను రెండోదే చేస్తాను. చవక కూడా అదే.

మిక్సింగ్, మాస్టరింగ్ గురించి ఇక్కడ ఎక్కువ చెప్పను. పాట అమరిక బాగుంటే మిక్సింగ్ సగం అయిపోయినట్టే. స్పాటిఫై వంటివి అన్ని పాటలనూ దాదాపు ఒకే గట్టిదనానికి, మామూలుగా మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్‌కు (గట్టిదనాన్ని కొలిచే ప్రమాణం), సర్ది వినిపిస్తాయి. కాబట్టి 'ఇంకా గట్టిగా చేయండి సార్' అని పట్టుబట్టి సాధించేది ఏమీ లేదు.

డబ్బు, కాగితం

బీటుకు ధర ముందే రాసి ఉంటుంది. ప్రొడక్షన్ అలా కాదు. స్టూడియో గంటల లెక్క, వాద్యకారులు కాల్షీటు లెక్క, ప్రొడ్యూసర్ పాటకింత అని. అందుకే మొదటి రోజే అడగండి: మిక్సింగ్, మాస్టరింగ్ ఈ మొత్తంలోనే ఉన్నాయా? ఎన్నిసార్లు మార్పులు చేస్తారు? చివర్లో విడివిడి ట్రాకులు నాకు ఇస్తారా? మూడో ప్రశ్నకు ముఖం చిట్లిస్తే ఇంకొక చోటు చూసుకోండి.

డబ్బు కొద్దిగానే ఉందంటే మధ్యేమార్గం ఒకటి ఉంది, ర్యాపర్లకు నేను ఎక్కువగా చెప్పేది అదే. స్టెమ్స్‌తో సహా బీటు కొనండి. బీటుకు పెట్టినంత, వీలైతే ఇంకాస్త ఎక్కువ, గొంతు రికార్డింగుకూ మిక్సింగుకూ పెట్టండి. అందరూ దీన్ని తలకిందులుగా చేస్తారు. ఖరీదైన బీటు మీద ఫోనులో రికార్డు చేసిన గొంతు పట్టుచీర మీద ప్లాస్టిక్ పూలదండలా ఉంటుంది.

చట్టం సంగతి కూడా కాస్త. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం పాటలోని మాటలు, సంగీతం, రికార్డింగు మూడూ వేరువేరు ఆస్తులు. రికార్డింగుకు 'ప్రొడ్యూసర్' ఎవరంటే, దాన్ని తయారుచేయడానికి చొరవ తీసుకుని, బాధ్యత వహించిన వ్యక్తి అంటుంది చట్టం. చూశారా, బీటు చేసినవాడా, మీటలు తిప్పినవాడా అని అక్కడ లేదు. రికార్డింగు మీద హక్కు 60 ఏళ్లు. హక్కుల బదిలీ రాతపూర్వకంగా ఉండాలి. ఆ కాగితంలో కాలం రాయకపోతే ఐదేళ్లకే అని, ప్రాంతం రాయకపోతే భారతదేశానికే అని లెక్క. మీ పాట అమెరికాలోని పిన్ని కూడా వింటుంది కాబట్టి 'ప్రపంచమంతటా' అనే మాట రాయించుకోండి. స్నేహితుడు ఉచితంగా చేసిన బీటుకైనా సరే కాగితం రాసుకోండి. స్నేహితుల దగ్గరే ఎక్కువ అవసరం పడుతుంది.

నేర్చుకోవాలనుకునేవారు

ఇది పొడుగు విషయం, రెండు ముక్కల్లో చెబుతాను. రాత్రిళ్లు ఒంటరిగా కూర్చుని శబ్దాలతో ఆడుకోవడం ఇష్టమైతే బీట్లతో మొదలుపెట్టండి. ఒక లాప్‌టాప్, మంచి హెడ్‌ఫోన్లు చాలు. సంగీతం చేసే సాఫ్ట్‌వేర్లలో ఎఫ్‌ఎల్ స్టూడియో ఒకసారి కొంటే తరవాతి వెర్షన్లన్నీ ఉచితం. రీపర్‌ను 60 రోజులు డబ్బు కట్టకుండా పరీక్షించవచ్చు. ఎలక్ట్రానిక్ సామాన్ల బజారు రిచీ స్ట్రీట్‌లో తిరిగి నాలుగు మైకులు కొన్నాక మొదలుపెడదామనే ఆలోచన మాత్రం వద్దు. నాకు తెలిసి అలా మొదలుపెట్టినవారి దగ్గర మైకులు మిగిలాయి.

మనుషుల చేత పని చేయించడం, ఒక గాయని బెదిరితే కాఫీ తెప్పించి కబుర్లు చెప్పి మళ్లీ పాడించడం, వయొలిన్ ఆయన అలిగితే సర్దిచెప్పడం చేతనైనవారు ప్రొడక్షన్ వైపు రండి. ఏదో ఒక స్టూడియోలో ఆరు నెలలు కేబుళ్లు చుడుతూ వినండి. కోర్సులు మంచివే, కానీ అలిగిన వయొలిన్ ఆయన ఏ పాఠ్యప్రణాళికలోనూ ఉండడు.

ఆ అన్నాచెల్లెళ్ల సంగతికి వస్తాను. ఆ రోజు బీటు పక్కన పెట్టేశాం. ఆడి మాసం వెళ్లాక మళ్లీ వచ్చారు. తంబుర ఐదున్నరలో పెట్టి, మృదంగం, కంజీరా, ఒక వయొలిన్‌తో పాట తీశాం. కుర్రాడు కంట్రోల్ రూములో తాతగారి చేతిరాత కాగితం పట్టుకుని కూర్చున్నాడు. నాలుగో టేకులో చెల్లెలు 'ధ'ను 'ద' అంటే ఇంజనీరు కంటే ముందే చెయ్యెత్తాడు. ఇక ఆ నాలుగు దెబ్బల బీటు అంటారా, దాన్ని పారేయవద్దని చెప్పాను. అమ్మినవాళ్లకు కాస్త డబ్బు కట్టి స్టెమ్స్ తెప్పించుకున్నాడు. ఇప్పుడు దాని మీద తానే మాటలు రాసుకుంటున్నాడు. రెండో చరణం దగ్గర ఆగాడట. రాసి, గట్టిగా చదివి, ఊపిరి సరిపోయాకే రమ్మన్నాను.